కార్తె దాటితే కష్టాలే

నదికీ, సముద్రానికీ, నేలకూ వేళలున్నాయి. ఆ మూడూ కుదిరితేనే కృష్ణా డెల్టాలో పంట

అవనిగడ్డ : రోహిణి కార్తె ప్రవేశించిందంటే కృష్ణా డెల్టా పల్లెల్లో రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర, సొసైటీ గుమ్మంలో వినపడే మాట ఒక్కటే. 'కాలువకు నీళ్ళెప్పుడు?' విత్తనం ధర గురించి గాని, ఎరువు బస్తా గురించి గాని మాట్లాడేది ఆ తరువాతే. బెజవాడలో కాలువ తలుపులు ఎత్తిన రోజును బట్టి ఇక్కడ అప్పు తీర్చే గడువు మొదలు ఆడపిల్ల పెళ్ళి ముహూర్తం దాకా నిర్ణయమవుతాయి. ఇందులో అతిశయోక్తి లేదు.

నీరు పది, పదిహేను రోజులు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా అని మెట్ట ప్రాంతాల వారికి, పట్నవాసులకు అనిపించవచ్చు. మునుగుతుంది. అయితే జూన్‌లో జరిగిన ఆలస్యం జూన్‌లో కనిపించదు. నవంబరులో తుఫాను రూపంలో, డిసెంబరులో రోడ్డు మీద తడిసిన ధాన్యం రూపంలో, మార్చిలో కాపు లేని మినుము చేలో కనిపిస్తుంది. అప్పటికి కాలువ ఎప్పుడు వదిలారన్న సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. నష్టమంతా తుఫాను ఖాతాలో పడుతుంది.

పండుగకు చంద్రుడు, పొలానికి సూర్యుడు

డెల్టా రైతు ఇంట్లో రెండు క్యాలెండర్లుంటాయి. గోడకు వేలాడేది ఒకటి, నోటి మీద ఆడేది మరొకటి. ఆ రెండోదే కార్తెల లెక్క. అశ్విని మొదలు రేవతి దాకా 27 నక్షత్రాలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు. ఆ రోజులే కార్తె. తిథులు, మాసాలు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి గనుక ఏటా పది, పదకొండు రోజులు వెనక్కు జరిగి, అధిక మాసంతో మళ్ళీ సర్దుకుంటాయి. ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో రావడం అందువల్లనే. కార్తె అలా జరగదు. ఎండా వానా సూర్యుణ్ణి బట్టి వచ్చేవే గనుక సేద్యానికి ఆయన లెక్కే పనికొస్తుందని పెద్దలు ఎప్పుడో గ్రహించారు.

రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ. నల్లరేగడి మాగాణి అడుగు లోతు నెర్రెలిస్తుంది. చూసేవారికి అది గుండె పగిలిన నేలలా ఉంటుంది గాని రైతుకు అది మంచి గుర్తు. ఆ నెర్రెల్లోంచి ఎండ లోపలికి దిగి పురుగుల కోశాలు చస్తాయి. తొలకరి నీరు లోతుకు ఇంకుతుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ముంగిళ్ళు చల్లబడే రోజులు. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక. ఎడ్లు ఉన్న ఇళ్ళలో వాటిని కడిగి, కొమ్ములకు రంగులు వేసి పొలానికి తోలుకెళ్ళడం నేటికీ కొన్ని ఊళ్ళలో కనిపిస్తుంది. ఎడ్లు లేని చోట ట్రాక్టరుకే పసుపు కుంకుమలు.

మృగశిరలో ఆకుమడి దున్ని నారు పోయాలి. ఆరుద్రలో నారు ఎదుగుతుంది, పొలం దమ్ముకు తయారవుతుంది. పునర్వసు, పుష్యమి కార్తెలు, అంటే జూలై మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా ఊడ్పులు. ఆశ్లేష, మఖలో పిలకలు తొడగాలి. ఉత్తరలో పొట్ట, హస్తలో ఈనిక, చిత్తలో పాలు గట్టిపడటం. స్వాతి చివర, విశాఖలో కొడవలి. స్వర్ణ, సాంబమసూరి వంటి రకాలు కోతకు రావడానికి 145 నుంచి 150 రోజులు పడుతుంది. జూన్ రెండో వారంలో నారు పోస్తే నవంబరు రెండో వారానికి కోత. వేళ్ళ మీద లెక్క వేసినా, కార్తెల్లో లెక్క వేసినా సరిగ్గా సరిపోతుంది.

ఈ కార్తెలు కూడా పూర్తిగా కదలనివి కావు. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, రుతువులను బట్టి లెక్కించే సంవత్సరం కన్నా 20 నిమిషాలు పొడవు. ఆ లెక్కన 71, 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున కార్తె వెనకబడుతూ ఉంటుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12వ తేదీ మకర సంక్రాంతి. ఇప్పుడు ఆ పండుగ 14నో, 15నో వస్తున్నది. అయితే తాత కాలానికీ మనవడి కాలానికీ వచ్చిన తేడా ఒక్క రోజు, మహా అయితే రెండు రోజులు. కాబట్టి కార్తెలు మారిపోయాయి, పాత సామెతలు ఇక పనికిరావు అనేవారి మాటలో పస లేదు. వానల తీరు కొంత మారిన మాట నిజమే. కాని డెల్టాలో అంతకన్నా ఎక్కువ మారింది నీరు వచ్చే వేళ.

నది వేళ పోయి గేటు వేళ వచ్చింది

కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కనుమల్లో జూన్‌లో పడిన వాన పూర్వం రోజుల వ్యవధిలోనే బెజవాడ చేరేది. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా నదిలో ఎర్రనీరు కనిపించేది. కొత్త నీరు వచ్చిందన్న కబురు కాలువ గట్ల వెంట సముద్రం దాకా పాకేది.

నది పక్కనే ఉన్నా నీరు పొలానికి ఎక్కని రోజులూ ఉన్నాయి. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. డొక్కల కరువు అని ఇప్పటికీ చెప్పుకునేది దానినే. ఆనకట్ట కావాలన్న మాట ఆ తరువాతే బలపడింది. కాటన్ దొర ప్రోద్బలంతో, ఆర్ అనే ఇంజనీరు దొర పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. అది నీటిని దాచుకునే కట్ట కాదు. నదిలో వచ్చిన నీటిని కొంచెం ఎత్తుకు లేపి అటు గుంటూరు వైపు, ఇటు బందరు వైపు కాలువల్లోకి మళ్ళించేది, అంతే. నదికి కొత్త నీరు ఎప్పుడొస్తే కాలువకూ అప్పుడే. ఆ విధంగా వందేళ్ళ పాటు పశ్చిమ కనుమల వాన, మృగశిర కార్తె, బెజవాడ కాలువ మూడూ ఒకే గడియారం మీద నడిచాయి. ఊళ్ళలో నేటికీ వాడుకలో ఉన్న సేద్యపు వేళలు చాలావరకు ఆ వందేళ్ళలో కుదురుకున్నవే.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైంది. దీని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాని బ్యారేజి దగ్గర నిలిచే నీరు 3 టీఎంసీలు మాత్రమే. కుండలో పట్టే నీరు కాదు, దోసిట్లో పట్టే నీరు! మిగిలినదంతా పైనుంచి రావలసిందే.

పైన ఏముంది? తుంగభద్ర, ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్. ఒకదాని తరువాత ఒకటి నిండితేనే కిందికి వదులుతారు. కనుమల్లో జూన్‌లో పడిన వాన ఈ జలాశయాలన్నీ నింపి బెజవాడ చేరేసరికి ఆగస్టు దాటిపోతున్న ఏళ్ళున్నాయి. ఈ ఆనకట్టల వల్ల డెల్టాకు మేలు జరగలేదని ఎవరూ అనలేరు. చాలా ఏళ్ళలో దాళ్వాకు నీరు, వేసవిలో తాగునీరు, వరదలో కొంత ఊపిరి వీటి చలవే. వచ్చిన చిక్కల్లా వేళతోనే.

బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో కృష్ణా డెల్టాకు ఏడాదికి 181.2 టీఎంసీలు. రాజకీయ సభల్లో, రైతు సంఘాల తీర్మానాల్లో ఈ అంకె వల్లె వేయని వారు లేరు. ఎన్ని టీఎంసీలన్నది అందరికీ నోటికొచ్చు. ఏ తేదీకి అన్నదాన్ని గురించి మాత్రం అంత పట్టుదల కానరాదు. అక్టోబరులో వచ్చిన పది టీఎంసీలు, జూన్‌లో వచ్చిన రెండు టీఎంసీలతో సమానం కావని ఆకుమడి దున్నిన ప్రతి రైతుకూ తెలుసు.

2002 నుంచి 2004 దాకా కృష్ణా పరీవాహకంలో వరుసగా కరువు. 2015లోనూ శ్రీశైలం, సాగర్ నిండలేదు. అలాంటి ఏళ్ళలో నాట్లు ఆగస్టు, సెప్టెంబరుకు జరిగితే ఏం జరుగుతుందో డెల్టా రైతాంగం అనుభవించింది.

రెండు గండాల మధ్య ఇరుకు దారి

బంగాళాఖాతానికి ఏడాదిలో రెండు సార్లు పూనకం వస్తుంది. నైరుతి రుతుపవనాలు రాకముందు మే నెలలో ఒకసారి, అవి వెనుదిరిగిన తరువాత అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో మరొకసారి. బందరు తీరం చరిత్ర చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. 1864 నవంబరు 1న బందరు ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తుఫాను. 2010 మే 20న లైలా. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్.

1977 ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అలాంటి రోజున ఏ కార్తె లెక్కా మనిషిని కాపాడలేదు. అప్పటికి కోసినది, కోయనిది అన్న తేడా కూడా లేకుండా అంతా ఉప్పునీటి పాలైంది. కాని అన్ని తుఫానులూ ఉప్పెనలు కావు. గాలి, నాలుగు రోజుల ముసురు తెచ్చేవే ఎక్కువ. వాటి నుంచి పంటను తప్పించుకోవడానికే మృగశిర నారు, విశాఖ కోత అనే ఇరుకు దారి ఏర్పడింది. ఒక నెల ఆలస్యంగా నారు పోస్తే కోత డిసెంబరు రెండో వారానికి పోతుంది. మిచాంగ్ వచ్చిన రోజుకు చేను పండి ఒరిగి ఉంది, లేదా పన మీద ఉంది, లేదా ధాన్యం రోడ్డు మీద ఉంది. మూడింటిలో ఏది జరిగినా రైతుకు నష్టమే.

ఇక్కడ కుప్పను గురించి చెప్పుకోవాలి. యంత్రాలు రాకముందు కోసిన వరిని పనల మీద మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, కట్టలు కట్టి, మెరక చూసి కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి. పైభాగం ఇంటి కప్పులా వాలుగా తీర్చేవారు. వాన పడితే నీరు గడ్డి మీదుగా జారిపోయేది. గింజ లోపలే నెమ్మదిగా ఆరి గట్టిపడేది. సంక్రాంతి తరువాత తీరికగా నూర్పిడి. తుఫాను నెలలు దాటే దాకా ధాన్యాన్ని దాచుకునే గాదె అది. కుప్ప వేయడం తెలిసిన మనిషికి ఊళ్ళో గౌరవం ఉండేది.

ఇప్పుడు కోత మిషను ఎకరాన్ని గంటా గంటన్నరలో కోసి గింజను ట్రాక్టరులో పోస్తుంది. కూలీలు దొరకని రోజుల్లో రైతును తప్పు పట్టడానికి లేదు. అయితే మిషను కోసిన గింజలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు. ఆరబెట్టడానికి కళ్ళాలు లేవు. ఉన్న కళ్ళాలు ఇళ్ళ స్థలాలయ్యాయి. అందుకని తారురోడ్డే కళ్ళం. రోడ్డు మీద ధాన్యం, ఆకాశంలో మబ్బు, పట్టాల కోసం పరుగు. పూర్వం రెండు నెలల పాటు వానకు తట్టుకున్న పంట ఇప్పుడు రెండు గంటల వానకు రంగు మారుతున్నది. మిషను కొన్న డబ్బులో కొంత ఊరి కళ్ళాలకూ, ఆరబెట్టే యంత్రాలకూ పెట్టి ఉంటే బాగుండేది కదా అనిపించక మానదు.

మినుము చెప్పే నిజం

వరి ఆలస్యమైతే ముందుగా దెబ్బ తినేది మినుము. కృష్ణా డెల్టా మినుముకు ఒక ప్రత్యేకత ఉంది. దానికి దుక్కి లేదు, తడి లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే విత్తనం చల్లుతారు. కింద మట్టి ఇంకా పదును మీద ఉంటుంది. కోసేసరికి గింజ మొలకెత్తి ఉంటుంది. అక్కడి నుంచి ఎనభై, ఎనభై అయిదు రోజులు నేలలో మిగిలిన పదునుతో, రాత్రి కురిసే మంచుతో పంట పండుతుంది. కాయ ఇచ్చి, పొట్టు పశువుకిచ్చి, వేళ్ళ బుడిపెల ద్వారా నేలకు నత్రజని కూడా ఇచ్చి పోతుంది. పెట్టుబడి తక్కువ, రాబడి చేతికి రొక్కం. వరి ఇంటి తిండికి, మినుము పిల్లల ఫీజులకు అన్నది చాలా ఇళ్ళలో లెక్క.

ఈ ఏర్పాటంతా తేదీ మీద ఆధారపడి ఉంది. నవంబరు రెండో పక్షంలో గాని, డిసెంబరు మొదట్లో గాని చల్లితే చలి, మంచు దొరుకుతాయి. జనవరిలో చల్లితే పూత వచ్చేసరికి మంచు పోయి ఎండ ముదురుతుంది. పదును ఆరిపోతుంది. తెల్లదోమ పెరిగి పల్లాకు తెగులు వ్యాపిస్తుంది. చేనంతా పసుపు రంగుకు తిరిగిందంటే కాయ మీద ఆశ వదులుకోవలసిందే. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం తెగుళ్ళను తట్టుకునే మినుము రకాలు అనేకం ఇచ్చింది. మంచి పని. కాని పదును లేని నేలకు, మంచు లేని రాత్రికి బదులిచ్చే విత్తనం ఇంకా రాలేదు.

కోత మిషను ఇక్కడ కూడా కొంత చిక్కు తెచ్చింది. దాని బరువుకు మొలక నలిగిపోతుంది, పదును మీద ఉన్న నేలలో చాళ్ళు పడతాయి. కొందరు రైతులు మినుము చల్లే చేను మాత్రం ఇప్పటికీ మనుషుల చేతనే కోయిస్తున్నారు. కూలి ఎక్కువైనా మినుములో తిరిగి వస్తుందన్నది వారి నమ్మకం.

శివారులో ఉప్పు

కాలువ ఎగువన ఉన్న రైతుకు ఆలస్యం అంటే పది రోజులైతే, శివారు రైతుకు అది నెల. బెజవాడలో వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి నది మీదుగా దివిసీమలో అడుగుపెట్టి, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక చివరి మడికి చేరేసరికి పైవాళ్ళ నాట్లు సగం పూర్తవుతాయి. ఈ చివరి భూముల్లో నీరు దాహం తీర్చడానికే కాదు, ఉప్పును అణచడానికి కూడా కావాలి. ఇక్కడ భూమిలో కొద్ది లోతునే ఉప్పునీరు ఉంటుంది. వేసవి ఎండకు ఆ నీరు మట్టి గుండా పైకి పాకి ఆవిరైపోతుంది, ఉప్పు పైన తెల్లగా మిగులుతుంది. మడిలో తీపినీరు నిలిస్తే ఆ ఉప్పు కరిగి కిందికి దిగుతుంది. కాలువ ఎంత ఆలస్యమైతే ఉప్పు అంత పైకి వస్తుంది. అప్పుడు పోసిన నారు కొనలు ఎర్రబడి మాడిపోతుంది. అలా రెండు మూడేళ్ళు నారు పోగొట్టుకున్న వారు పొలాన్ని రొయ్యల చెరువుకు కౌలుకిచ్చిన దాఖలాలు తీర మండలాల్లో అనేకం. ఒక చెరువు తవ్వితే పక్క మడికి ఊట ఉప్పు. ఇరుగు పొరుగు మధ్య తగాదాలు అక్కడే పుడుతున్నాయి.

పోటు మీద ఉంటే మురుగు దిగదు

పొలానికి సూర్యుడి లెక్క అన్నాం గాని, మురుగుకు మాత్రం చంద్రుడి లెక్కే. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు పాటు పడుతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుచేత పోటు వేళ రోజు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తిథి చెబితే చాలు, పోటు ఎప్పుడో పడవ తోలేవాడు గడియారం చూడకుండా చెబుతాడు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. అష్టమి నాటికి మెత్తబడుతుంది.

లజ్జబండ, గుండేరు, రత్నకోడు వంటి మురుగు కాలువలన్నీ చివరకు సముద్రంలోకే పోవాలి. నేల వాలు చాలా తక్కువ. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ మురుగు వెనక్కు తన్నుతుంది. పాటు సమయంలోనే దిగుతుంది. అందుకే పౌర్ణమి ముందు రెండు రోజులు పడిన భారీ వాన, అష్టమి నాడు పడిన అదే వానకన్నా ఎక్కువ రోజులు చేలో నిలుస్తుంది. ఇది తెలిసిన రైతు పెద్ద తిథికి ముందు యూరియా చల్లడు, బోదెలు తీసి గట్లు సరిచూసుకుంటాడు. మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పెరిగిపోతే ఆ కొద్ది గంటల పాటులో దిగవలసిన నీరు కూడా దిగదు. వేసవిలో తీయవలసిన పూడిక వానలు మొదలయ్యాక తీయడం చాలాచోట్ల కనిపిస్తున్న దృశ్యం. బిల్లు అవుతుంది, నీరు దిగదు!

చేపల వేటకూ వేళ ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవలతో వేట నిషేధం. చేప, రొయ్య గుడ్లు పెట్టే కాలమది. నిషేధం ముగియడం, మృగశిర రావడం దాదాపు ఒకేసారి. ఒక పక్క నాగలి, మరో పక్క వల ఒకే వారంలో బయటికి వస్తాయి. నది ముఖద్వారంలోని మడ అడవి ఈ పిల్ల చేపలకు ఊయల. ఉప్పెన అలల జోరును తగ్గించేది కూడా అదే. మడ చెట్టును వంటచెరకుగా చూసే రోజులు పోయినా, చెరువుల కోసం దాన్ని నరికే చేతులు మాత్రం ఇంకా పూర్తిగా ఆగలేదు.

దారి మరచిన పట్నం

వేళ తెలియకపోతే పంట పోతుంది. చోటు తెలియకపోతే ఊరే మునుగుతుంది. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో జరిగింది అదే. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది. చూసినవారు దాన్ని మురుగు కాలువ అనుకుంటారు. అది కొల్లేటికి పోయే ఏరు. మఖ, పుబ్బ కార్తెల సంధిలో కురిసిన కుండపోతకు మళ్ళింపు కాలువ గట్లు తెగి, ఆ ఏరు తన పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్ వైపు వచ్చింది. ఆ దారిలో ఇళ్ళున్నాయి. లక్షల మంది రోజుల తరబడి నీటి మధ్య చిక్కుకున్నారు. మరునాడే ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. 2009 అక్టోబరు 5 నాటి 11.10 లక్షల కన్నా అది ఎక్కువ. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్ళింపు నీటిని తనలోకి తీసుకోదు. ఇది కూడా పోటు, మురుగు సామ్యమే.

బుడమేరు పొంగడం ఇదే మొదటిసారి కాదు. పాతవారికి దాని పేరే భయం. ఏటి పక్కన స్థలం కొన్నవారిలో చాలామంది కొత్తగా వచ్చినవారు. వారికి ఆ సంగతి చెప్పిన వారు లేరు. పల్లెలో అయితే ఏ మడి పల్లమో, ఏ తూము ఎప్పుడు ఎగదన్నుతుందో ఇంట్లో ముసలమ్మకు కూడా తెలుసు. 'పల్లపు మడి', 'కోడు గట్టు', 'లంక పొలం' అన్న పేర్లలోనే ఆ సమాచారం ఉంటుంది. లేఅవుట్ వేసి దానికి నగర్ అని పేరు మార్చగానే అది చెరిగిపోతుంది.

కొత్త దారులు

పాత వేళలు తిరిగి రావాలంటే పైనున్న జలాశయాలు లేకుండా పోవాలి. అది జరిగేది కాదు, జరగవలసింది కూడా కాదు. మరి ఏమిటి దారి?

2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల ఒక దారి చూపింది. గోదావరికి జూలైలోనే వరద వస్తుంది. 24 పంపులతో 8,500 క్యూసెక్కులు, అంటే రోజుకు ముప్పాతిక టీఎంసీకి కొంచెం తక్కువ నీరు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. 13 లక్షల ఎకరాలకు అది చాలదు. కాని ఆకుమళ్ళకు చాలుతుంది. కృష్ణ ఆలస్యమైన ఏళ్ళలో నారు పోసుకోవడానికి ఆసరా అదే. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయంలో 45 టీఎంసీలు నిలుస్తాయి. అందులో కొంత నీరు ఏప్రిల్, మే దాకా దాచి ఉంచగలిగితే మృగశిరకు అక్కరకొస్తుంది. దాచడమా, దాళ్వాకు వాడటమా అన్నది ఏటా తగాదాయే.

రైతు చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. నారు పోసి ఊడ్చే బదులు నేరుగా వెదజల్లితే పంట వారం, పది రోజులు ముందు చేతికొస్తుంది, ఊడ్పు కూలీ మిగులుతుంది. కలుపు బాధ మాత్రం ఎక్కువ. నీరు ఆగస్టుకు జరిగిందని తెలిసిన ఏడు 120 రోజుల రకం వేసుకోవడం మేలు. మునకకు పది రోజులకు పైగా తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం 2009 నుంచి అందుబాటులో ఉంది. పల్లపు మళ్ళకు అది అనువు. ఇవన్నీ పాత లెక్కను కాదనేవి కావు. నవంబరు నెలాఖరుకు చేను ఖాళీ కావాలి, మినుము పడాలి అన్న ఆ లెక్కను కొత్త తేదీల్లో కుదర్చడానికి చేసే ప్రయత్నాలు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడికలు, లాకుల మరమ్మతులు ఆ రోజుల్లోనే. మాగాణిలో పిల్లిపెసర పశువుల నోటికి, జీలుగ, జనుము నేల బలానికి. తీరం పొడవునా బోరు వేస్తే ఉప్పునీరే గనుక, కాలువ కట్టేలోగా ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి. చెరువు సగమే నిండిన ఊళ్ళో మే నెలలో ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరతాయి.